లంక దోసకాయల గంప

ఖమ్మం నుంచి బూర్గంపాడు వైపు వెళ్ళే ఆడవాళ్ళకు ముందుగా ఒక మాట. ఉచిత టికెట్‌కు చూపించే ఆధార్ కార్డు బ్యాగులో పైనే పెట్టుకోండి. నేను అడుగున, చీర మడతల కింద దాచి, కండక్టరమ్మ ఎదురుగా సగం సామాను ఒళ్ళో పరిచాను. "జీరో టికెట్‌కే గింత సతాయిస్తే, పైసలిచ్చే టికెట్ అయితే ఏం చేస్తుంటివో అమ్మా" అంది ఆవిడ. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ముప్పై ఏళ్ళు పిల్లలను వరసలో నిలబడమని గద్దించిన నోరు నాది, మనసు కొంచెం చురుక్కుమంది.

పొద్దున ఆరున్నరకు ఎక్కాను ఆ బస్సు. ఖానాపురం హవేలిలో మా సందు చివర షేర్ ఆటో ఎక్కితే ఇరవై రూపాయలకు బస్టాండులో దింపాడు. ఎక్స్‌ప్రెస్ దొరికింది, కిటికీ పక్క సీటూ దొరికింది. అంతకంటే మంచి శకునం ఏముంటుందనుకున్నాను.

ప్రయాణం ఎందుకంటే, మా అక్క భర్త కోటేశ్వరరావు బావ ఫోన్ చేశాడు. వాళ్ళది గోదావరి ఒడ్డున, బూర్గంపాడు మండలంలో ఒక చిన్న ఊరు. ఊరి పేరు రాయను, ఇప్పటికే ఆయన తల బొప్పికట్టి ఉంది. వాళ్ళ తాతల కాలంలో కోస్తా వైపు నుంచి వచ్చి అక్కడ సేద్యం మొదలుపెట్టారు. లారీలు టౌన్‌లోకి రాకుండా ఒక కొత్త రోడ్డు వేస్తారట. దాన్ని సరిగ్గా నది గట్టు మీదుగా గీశారు. గట్టు కింద, రోడ్డు వెడల్పులో పోయే లంక ఉంది. వరద తీసినప్పుడల్లా గోదావరి మేట వేసి పోయే ఒండ్రు నేల అది. దానికి పట్టాలు లేవు. దసరా వెళ్ళాక గూడెం ఆడవాళ్ళు అందులో దోస, బీర, పుచ్చ పెట్టుకుంటారు. పట్టా లేని నేల కనుక ఎవరికీ పరిహారం ఇవ్వక్కర్లేదు, రోడ్డు వేసేవాళ్ళకు అంతకంటే తేలికైన దారి లేదు.

బావా, ఇంకొందరూ కలిసి కొన్నేళ్ళ కిందటే గట్టు కమిటీ అని ఒకటి పెట్టుకున్నారు. వాళ్ళు రోడ్డు వద్దనలేదు. ఊరి వెనక పాత డొంక దారి ఉంది, దాన్ని వెడల్పు చేయండి, బడి దగ్గర బస్సు ఆపండి, నది ఒడ్డును నదికి వదిలేయండి, అంతే వాళ్ళ మాట. గట్టు ఎత్తు చేసి రోడ్డేస్తే లంక మీద పరుచుకోవలసిన వరద నీళ్ళు ఎక్కడికి పోతాయి? ఎగువ గూడెంలోకే కదా! పెద్ద వరద వచ్చిన ఏడు చూశారు వాళ్ళు, ఒకరు చెప్పాల్సిన పని లేదు. డొంక వైపు వేస్తే బావ రెండెకరాల మిరప చేను పోతుంది. "పోతే పోనీ, ఇస్తా" అని ఆయనే అందరికంటే ముందు చెప్పాడు. బావంటే నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

ఎన్ని ఆఫీసులు తిరిగినా "సభ పెడతాం, అక్కడ చెప్పండి" అన్నారు. ఆ సభ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఆ సభలో నోటితో చెప్పిన అభ్యంతరాలు మాత్రమే రాసుకుపోతారట. ఎవరూ ఏమీ అనకపోతే గట్టు మీది గీతే ఖాయం. "భూగోళం చెప్పినదానివి. నువ్వొచ్చి నాలుగు ముక్కలు మాట్లాడు సుజాతా" అన్నాడు బావ. అందుకని బయలుదేరాను.

కొత్తగూడెం దాటాక పక్క సీట్లోకి పెనుబల్లి దగ్గరి రైతు ఒకాయన వచ్చి కూర్చున్నాడు. భద్రాచలంలో మొక్కుందట. సంగతి విని తల అడ్డంగా ఊపాడు. "మా దిక్కు గూడ రోడ్డేసిన్రమ్మా. బాగనే ఉన్నది. గని చేన్లకు పోవాల్నంటే ఇప్పుడు మూడు మైళ్ళు తిరిగి పోతున్నం. రోడ్డు మాదే, దాటే తోవ మాది గాదు."

"మీరు అప్పుడు అడగలేదా?" అన్నాను టీచరు గొంతుతో.

"అడుగుదామనే అనుకున్నం" అన్నాడాయన, కిటికీలోంచి చూస్తూ.

పాల్వంచలో బస్సు పది నిమిషాలు ఆగింది. టీ పది రూపాయలు, రెండు మిర్చి బజ్జీలు ఇరవై. టీ బాగుంది. బజ్జీలు మాత్రం నిన్నటివని అనుమానం, వెళ్ళేవాళ్ళు చూసుకుని తినండి. అక్కడి నుంచి అడవి. మోదుగులు విరగబూసి ఉన్నాయి. మధ్య మధ్య జామాయిల్ తోటలు, వాటి పక్కన కర్ర లోడుతో బారులు తీరిన లారీలు. ఈ లారీల కోసమే కదా ఆ రోడ్డు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అవి టౌన్‌లోంచి పోతుంటే జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడుస్తారు. రోడ్డు కావలసిందే. ఎక్కడన్నదే పేచీ.

పది దాటాక బూర్గంపాడులో దిగాను. ఆటోకు యాభై అడిగితే నలభైకి బేరమాడి, ఊరి బడి ముందు దిగేసరికి నా కళ్ళు తిరిగాయి. షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు, వేదిక మీద తెల్ల గుడ్డ కప్పిన బల్ల, పూల బొకేలు! వెనక రెండు పెద్ద డేగిశాల్లో వంట ఉడుకుతోంది.

"బావా, ఇది సభా, పెళ్ళా?" అన్నాను.

"రోడ్డు ఆఫీసరు మొదటిసారి మన ఊరికి వస్తున్నడు. మర్యాద చేయకపోతే ఎట్లా మరదలా? రేపు నలుగురూ ఏమనుకుంటరు?" అన్నాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, మెడలో కండువా. మొహం వెలిగిపోతోంది పాపం.

కమిటీ వాళ్ళు ఒక పాత ఫ్లెక్సీని తిరగేసి, దాని వెనక తెల్లవైపు ఊరి పటం గీశారు. గట్టు, లంక, డొంక, గూడెం, రెండు దారులు, అన్నీ రంగులతో. ముచ్చటగా ఉంది. దాన్ని వేదిక వెనక కట్టారు. కాసేపటికి షామియానా అతను వచ్చి దాని మీదే 'సుస్వాగతం' ఫ్లెక్సీ కట్టేశాడు. కింద రెండు వేళ్ళంత నీలం రంగు, అంటే గోదావరి, అదొక్కటే కనిపిస్తోంది. "పటం కనబడకుండా పోయింది" అని చెప్పాను. "మాట్లాడేటప్పుడు పైది లేపుదాంలే" అన్నాడు బావ.

అప్పుడు వచ్చింది సారమ్మ. గూడెంలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. లంకలో వాళ్ళ అమ్మ పెట్టిన పాదులే ఇప్పుడు తను పెడుతోంది. ఆ పంటే ఇల్లు నడుపుతుంది. మిగతా రోజులంతా కూలి. తల మీద పెద్ద గంప, గంప నిండా పచ్చగా, బంగారు రంగుకు తిరుగుతున్న దోసకాయలు. దించి, తల మీది గుడ్డ చుట్టకుదురు చేతిలోకి తీసుకుంది.

"ఇవి సారు ముందల బల్ల మీద పోస్త టీచరమ్మా. పోసి, 'సారూ, నీ రోడ్డు గీటి మీదికెల్లి పోతది' అంట. మాటలు నాకు సక్కగ రావు, కాయలే మాట్లాడ్తయి" అంది. నేను రాసుకొచ్చిన నాలుగు పేజీలూ ఆ గంప ముందు ఎందుకూ పనికిరావనిపించింది, అసూయ కూడా పడ్డాను.

పదకొండుకు రావలసిన ఆఫీసరు పన్నెండున్నరకు వచ్చాడు. పిల్లవాడే, ముప్పై కూడా ఉండవు. నమస్కారం పెట్టే తీరు చూస్తే మంచివాడే అనిపించింది. ఇంక మొదలైంది మన సంగతి. "వేదికను అలంకరించవలసిందిగా కోరుచున్నాము" అంటూ ఊళ్ళో తెల్లచొక్కా ఉన్న ప్రతివాణ్ణీ పైకి పిలిచారు. ఒకరిని పిలిచి ఇంకొకరిని పిలవకపోతే ఏడాది పాటు మాటలుండవు కదా. నన్నూ పిలిచారు, "ఖమ్మం నుండి విచ్చేసిన విద్యావేత్త" అని! ఎక్కినవాళ్ళందరికీ శాలువాలు. ఎండ మండిపోతుంటే మెడల చుట్టూ శాలువాలు కప్పుకుని, చెమటలు కక్కుతూ, ఒకరినొకరు పొగుడుకున్నాం. ఆఫీసరుకు మూడు శాలువాలు పడ్డాయి. ఊరి గొప్పతనం మీద ఒకాయన, ఆఫీసరు వినయం మీద ఒకాయన, ఆఫీసరు కన్న తల్లిదండ్రుల పుణ్యం మీద ఒకాయన మాట్లాడారు. గట్టు మాట ఎవరూ ఎత్తలేదు. స్వాగతంలో తగువు మాట అపశకునం అని వాళ్ళ లెక్క.

నేను బావ చెవిలో "ఇక విషయానికి రండి" అన్నాను. ఆయన గడియారం చూసుకుని మైకు అందుకున్నాడు. "సార్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ముందు భోజనాలు, తర్వాత మన కష్టసుఖాలు" అన్నాడు. చప్పట్లు! నేనూ కొట్టాను, ఆకలి మరి.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. నాటుకోడి పులుసు, గోదావరి చేపలు వండి పెట్టుకున్నారా, ఆఫీసరు నీచు తినడట. మా అక్క తల కొట్టుకుంది. చారు తప్ప ఏమీ లేదు. అటూ ఇటూ చూసింది, సారమ్మ గంప కనబడింది. "రెండు కాయలివ్వు సారమ్మా, పరువు పోయేట్టుంది" అంది. సారమ్మ క్షణం ఆగి, తనే మంచివి ఏరి ఇచ్చింది. చిటికెలో పప్పుదోసకాయ అయింది. అక్క చేతి తాలింపు వాసన వేదిక దాకా వచ్చింది.

ఆఫీసరు మా పక్కనే ఆకు ముందు కూర్చున్నాడు. బావ దగ్గరుండి వడ్డించాడు. మొదటి ముద్ద పెట్టుకుని ఆ పిల్లవాడు ఆగిపోయాడు. "ఇంత రుచి దోసకాయ నేనెప్పుడూ తినలేదండీ. ఎక్కడివి?" అన్నాడు.

ఎంత మంచి సమయం! అడిగినవాడు అతనే. తలుపు బార్లా తీసిపెట్టినట్టే. సారమ్మ స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది. "లంకల కాసినయి సారూ. నువ్వు రోడ్డేస్తనన్నది గా లంక..."

"సారమ్మా!" అన్నాడు బావ. కోపంగా కాదు, చాలా మెత్తగా. "అన్నం ముందు కూసున్న మనిషికి ఆ గొడవలెందుకు? ముందు సార్‌ను తిననియ్యి."

సారమ్మ ఆగిపోయింది. ఆగక ఏం చేస్తుంది? అన్నం తింటున్న అతిథి దగ్గర తగువు పెట్టకూడదని ఆమెకూ తెలుసు, వాళ్ళ గూడెంలోనూ అదే పద్ధతి. నేను ఆ పక్కనే ఉన్నాను. నోట్లో ముద్ద ఉంది. బావ ఊళ్ళో, బావ వడ్డించిన విస్తరి ముందు, బావ మాట తీసేయడానికి నాకు నోరు రాలేదు. ఆఫీసరు సారమ్మ వైపు చూశాడు, బావ వైపు చూశాడు, "తర్వాత మాట్లాడుకుందామమ్మా" అని పప్పు ఇంకాస్త వేయించుకున్నాడు.

పెరుగు దగ్గర ఉండగా అతని ఫోన్ మోగింది. పై ఆఫీసరట. లేచి, చెయ్యి కడుక్కుని, "మన్నించండి, అర్జెంటుగా కొత్తగూడెం రమ్మంటున్నారు. ఎవరైనా అభ్యంతరాలు చెప్పారా?" అని పక్కనున్న గుమాస్తాను అడిగాడు. "లేదు సార్" అన్నాడు గుమాస్తా. అబద్ధం కాదు. అప్పటిదాకా ఎవరూ ఏమీ చెప్పలేదు.

జీపు దాకా అందరం వెంటపడ్డాం. "సార్, రెండు ముక్కలు..." అని నేను మొదలుపెట్టాను. అప్పటికే బావ వెనక్కి తిరిగి కేకేస్తున్నాడు: "సార్‌కు దోసకాయలు బాగా నచ్చినయ్‌రా! ఆ గంప తెచ్చి బండిలో పెట్టండి!" ఎవరో గంప ఎత్తి జీపు వెనక పెట్టేశారు. వద్దు వద్దంటూనే ఆ పిల్లవాడు చేతులు జోడించాడు. జీపు కదిలింది. దుమ్ము అణిగాక చూస్తే, సారమ్మ ఖాళీ చుట్టకుదురు పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.

"నా గంప..." అంది. అంతే.

బావ నెత్తిన చెయ్యి పెట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన మొహం చూడలేకపోయాను. తిడదామని నోటి దాకా వచ్చింది, మింగేశాను. రెండెకరాలు ఇస్తానన్న మనిషి. తన నేల వదులుకోవడానికి జంకనివాడు, ఒక్క పూట మర్యాద వదులుకోలేకపోయాడు.

సాయంత్రం అయిదింటికి బావా, నేనూ, సారమ్మా గట్టు మీదికి వెళ్ళాం. కింద లంకంతా దోస పాదులు, పసుపు పూలు, రెల్లు, ఇసుక మీద కొంగలు. నీళ్ళు సన్నబడి దూరంగా పోతున్నాయి, అవతలి ఒడ్డున భద్రాచలం గుడి గోపురం చిన్నగా కనబడుతోంది. గట్టు మీద సర్వే రాళ్ళు, వాటికి ఎర్ర రంగు. ఒక రాయి గట్టు కింద సారమ్మ పాదుల మధ్యనే ఉంది. దాని మీదికి తీగ పాకి, పిందె వేసింది.

"ఆఫీసరుకు ఫోన్ చేస్తున్నా. మీటింగ్‌లో ఉన్నరట" అన్నాడు బావ, మూడోసారి.

"కోపమొచ్చిందా సారమ్మా?" అన్నాను.

"కోపమెందుకమ్మా. అన్న అన్నమే గద పెట్టిండు. నేను గూడ వచ్చినోళ్ళకు ఇట్లనే పెడ్త" అంది. చుట్టకుదురు చేతిలో తిప్పుతూ, "గని గంప మా అమ్మది" అంది.

బావ అటు తిరిగి కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. చూడనట్టు ఊరుకున్నాం.

ఆ రాత్రి అక్క ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మిగిలిన నాటుకోడి పులుసు చూస్తేనే వెగటు. అక్క గిన్నెలు సర్దుతూ, "మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట ఎనకటికొకామెకు. గట్లున్నది మీ బావ సంగతి" అంది. మామూలప్పుడైతే పడి పడి నవ్వేవాళ్ళం. బావ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఏడున్నరకు బూర్గంపాడులో ఖమ్మం బస్సు ఎక్కాను. ఈసారి ఆధార్ చేతిలోనే ఉంది. ఎక్కేముందు సారమ్మ పరుగున వచ్చింది, కొంగులో నాలుగు దోసకాయలు. "నిన్న నీకు ఒక్కటి గూడ ఇయ్యకపోతిని టీచరమ్మా" అని నా బ్యాగులో పెట్టేసింది. వద్దనడానికి నాకు నోరెక్కడిది? బ్యాగులో నిన్నటి శాలువా ఉంటే, దాని మీదే పడ్డాయి కాయలు.

బస్సు నిండా జనం. నా పక్కన కూర్చున్న పాల్వంచ ఆవిడ బ్యాగులోకి తొంగి చూసింది. "యాడివమ్మా కాయలు? మంచిగున్నయి."

"లంకవి" అన్నాను. "గోదావరి ఒడ్డున."

"పై ఏడు నేను గూడ పోయి తెచ్చుకుంట. ఏ ఊరో చెప్పు" అంది. ఊరి పేరు చెప్పాను. పై ఏడు సంగతి చెప్పలేదు.

అడవి దాటుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఇంత మంచివాళ్ళు ఇంత బాగా ఓడిపోవడం నేనెక్కడా చూడలేదు. ఎదురుగా శత్రువంటూ ఒక్కడూ లేడు. వచ్చినవాడు మంచివాడు, పెట్టినవాడు మంచివాడు, ఆగిపోయిన సారమ్మా మంచిదే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మావాళ్ళు పెట్టారు, అడగడం మరిచారు. మీ ఊళ్ళో ఇలాంటి సభ పెడితే ఈ ముసలి టీచరు మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ముందు మాట్లాడండి, అన్నం చల్లారినా ఫర్వాలేదు.

జూలూరుపాడు దగ్గర బావ ఫోన్ వచ్చింది.

"ఆఫీసరు ఫోన్ చేసిండు సుజాతా" అన్నాడు. నేను సర్దుకుని కూర్చున్నాను.

"ఏమన్నాడు బావా?"

"రాత్రే రిపోర్టు పంపించిండట. ఎవరూ కాదనలేదని. ఉన్నదే రాసిండు, ఆయన తప్పేముంది? ఇప్పుడు చెప్తామంటే సభలో చెప్పాల్సింది అన్నడు." మళ్ళీ తనే అందుకున్నాడు: "వాళ్ళింట్లో అందరికీ కాయలు బాగా నచ్చినయట. ఫోన్ చేసింది ముఖ్యంగా అది చెప్పడానికే. పై ఏడు కూడా కొంచెం పంపించగలరా అండీ అని అడిగిండు."

"నువ్వేమన్నావు?"

"తప్పకుండా పంపిస్తాం సార్ అన్నా" అన్నాడు బావ. "అన్నాక గుర్తొచ్చింది."